సున్నా మీద ముల్లు

1961 నవంబరు 10, శుక్రవారం

ముల్లు సున్నా మీద ఉంది. నా రెండు కళ్ళతో చూశాను. ఎవరేం అడిగినా తడబడకుండా ఉండాలని ముందు ఇదే రాసి పెట్టుకుంటున్నాను.

ఈ డైరీలో ఇన్నాళ్ళూ రీడింగులు తప్ప ఇంకేమీ రాయలేదు. ఏ లైను, ఏ టైము, ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు, అంతే. నిన్నటి రీడింగు: పొద్దున ఎనిమిది నలభై. మైపాడు లైను, పట్టపుపాలెం మలుపు దగ్గర స్తంభం. వోల్టులు సున్నా.

ఎనిమిది యాభైకి ముత్యాలయ్య పోయాడు.

బుధవారం సాయంత్రం గాలివానకి ఊళ్ళన్నిటికీ కరెంటు పోయింది. గురువారం పొద్దున వాన తెరిపిచ్చాక నేనూ ముత్యాలయ్యా సైకిళ్ళ మీద బయల్దేరాం. మలుపు దగ్గర సరుగుడు చెట్టు విరిగి పడి తీగ తెగింది. తెగిన చివర మనిషి భుజం ఎత్తున వేలాడుతోంది. నేను మీటరు తీసి, ఒక మొన ఆ తీగకీ రెండోది స్తంభం ఎర్తు తీగకీ ఆనించి చూశాను. నేను చూస్తున్నంతసేపూ ముత్యాలయ్య పక్కన నిలబడి బీడీ కాలుస్తున్నాడు.

"చచ్చిన లైనే. పట్టుకో" అన్నాను.

బీడీ పారేసి పట్టుకున్నాడు. ఇక వదల్లేదు. సరుగుడు కొమ్మతో కొట్టి విడిపించేసరికి అంతా అయిపోయింది. నా కంటే పన్నెండేళ్ళు చిన్నవాడు. వాళ్ళ కులవృత్తి చేపల వేట. పడవలో తెరచాప కొయ్య ఎక్కినంత తేలిగ్గా స్తంభం ఎక్కుతాడని నేనే కరెంటు పనిలో పెట్టించాను.

పట్టుకో అన్నది నేనే. కానీ ముల్లు సున్నా మీద ఉంది.

నవంబరు 11

సూపర్‌వైజరు నరసయ్య గారు వాంగ్మూలం రాయించుకున్నారు. పాతికేళ్ళ మనిషి, డిప్లొమా చదివాడు. నేను ఇంతకుముందు పనిచేసిన మిల్లు యజమాని కూడా నన్ను మేస్త్రీ అనేవాడు. ఈయన మాత్రం బంట్రోతుని పిలిచినట్టు పేరు పెట్టి పిలుస్తాడు.

"దరియావలీ, లైను టెస్టు చేసినావా?"

"చేసినాను సార్. సున్నా."

"స్విచ్చి గదిలో జకరయ్యకి ముందుగా చెప్పినావా?"

"ముందురోజు సాయంత్రం చెప్పినాను సార్, పొద్దున మైపాడు లైను చూస్తామని."

"మంచిది" అని రాసుకున్నారు.

చెప్పిన మాట నిజమే. దానికి జకరయ్య "చీటీ పంపించన్నా, లైను ఆపి పెడతా" అన్నాడు. ఆ సంగతి సూపర్‌వైజరు గారు అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణే. చీటీ పట్టుకుని పోవాలంటే స్విచ్చి గది మూడు మైళ్ళు, రావడం మళ్ళీ మూడు మైళ్ళు, బురదలో. కరెంటే లేని లైనుకి చీటీ ఎందుకు?

నవంబరు 12

ముల్లు సున్నా మీద కదలకుండా ఉంది.

నవంబరు 14, మంగళవారం

జకరయ్యని సస్పెండు చేశారు.

స్విచ్చి గది పుస్తకంలో అతను రాసింది ఇది: తొమ్మిదో తేదీ ఉదయం ఆరూ పదికి మైపాడు లైను ఆన్. ఆరూ పదికే లైను వేసుంటే ఎనిమిది నలభైకి నా మీటరులో సున్నా ఎట్లా వస్తుంది? అందుకని అందరూ తేల్చింది ఏమిటంటే, ఎనిమిది నలభైకీ యాభైకీ మధ్య చూసుకోకుండా స్విచ్చి వేసి, మనిషి చచ్చాడని తెలిశాక భయపడి పుస్తకంలో ఆరూ పది అని దొంగ టైము రాశాడని. ఆ లైను మీద ఉన్నవన్నీ వీధి దీపాలే, పగటిపూట వెలగవు కాబట్టి కరెంటు ఎప్పుడొచ్చిందో చెప్పే మనిషి కూడా లేడు. నా మీటరు ఒక్కటే సాక్షి.

లెక్క సరిగ్గా కుదిరింది. నేనెవరి మీదా వేలు చూపించలేదు. సున్నా అని మాత్రమే చెప్పాను. సున్నాని సున్నా అనకుండా ఏమనాలి?

సాయంత్రం జకరయ్య భార్య ఎస్తేరమ్మ ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, ఆరుగంటలకి ఆయనకి కాఫీ ఇచ్చినాను, తాగి స్విచ్చి గదికి పోయినాడు. మైపాడు లైను వేసొచ్చినా అని చెప్పి మళ్ళీ వచ్చి గంజి తాగినాడు. దేవుని సాక్షిగా చెప్తుండా. భార్యవు నీ మాట చెల్లదంటుండారు. నువ్వు ఒక మాట చెప్పన్నా."

"నేనేం చెప్పగలనమ్మా, మీటరు చూపించింది చెప్పినాను" అన్నాను.

ఆమె పోయాక మా ఆవిడ జమాల్‌బీ నా మొహం కేసి చూసింది. "ఏంది అట్ట చూస్తావు?" అని గయ్‌మన్నాను. దానిమీద ఎందుకు అరిచానో నాకే తెలీదు.

నవంబరు 17, శుక్రవారం

పట్టపుపాలెం వెళ్ళాను. ముత్యాలయ్య భార్య పిచ్చమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను.

"నువ్వుండబట్టి శవమన్నా దక్కింది వలీ అన్నా. నువ్వు కొమ్మతో కొట్టి విడిపించకపోతే మాడి బొగ్గయ్యేవాడంట." ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదనిపించింది. "ఆ జకరయ్యకి ఉరి పడాల. పడకపోతే నేనే పోయి వాడి గుమ్మం ముందర కూర్చుంటా."

నేను తల దించుకున్నాను.

"ఆయన ఎప్పుడూ చెప్పేవాడన్నా. వలీ అన్న తన చెయ్యి పెట్టకుండా నన్ను ఏ తీగా పట్టుకోనియ్యడు, అన్న పక్కన ఉంటే అమ్మ దగ్గర ఉన్నట్టే అని. ఆరోజు కూడా నువ్వు చెయ్యి పెట్టే ఉంటావు గదా, ఆ తర్వాతే గదా ఆ పాపిష్టోడు స్విచ్చి వేసింది?"

"ఊఁ" అన్నాను.

అది మిల్లులో నేను నేర్చుకున్న పద్ధతి. మీటరు చూశాక కూడా, టెస్టు చేసినవాడే ముందు చేతి వెనక భాగంతో తీగని తాకాలి. కరెంటు ఉంటే చెయ్యి ముడుచుకుంటుంది, అరచేత్తో పట్టుకుంటే వదలదు, వెనక భాగమైతే విసిరేస్తుంది. తాను తాకని తీగని ఇంకొకడి చేత పట్టించకూడదు. పద్దెనిమిదేళ్ళూ అట్లాగే చేశాను.

వచ్చేటప్పుడు పిచ్చమ్మ సత్తుగిన్నె నిండా ఎండు నెత్తళ్ళ చేపలు పెట్టి ఇచ్చింది. మైల ఇంట్లోంచి ఏమీ ఇవ్వకూడదని ముసలావిడెవరో కసిరింది. "ఇవి నేనిచ్చేవి గాదు. మీ ఇంటికని ఆయనే చెప్పి ఎండబెట్టించినాడు" అంది పిచ్చమ్మ. తెచ్చాను. జమాల్‌బీ వండింది. నేను ముట్టుకోలేదు.

ఊఁ అన్నానంతే. పెట్టాను అనలేదు.

నవంబరు 18

జకరయ్యని పోలీసులు నెల్లూరు తీసుకుపోయారు.

నవంబరు 20, సోమవారం

మూడు రోజులుగా నిద్ర లేదు. కాగితం మీద పెడితే కొంచెం తేలిక పడుతుందేమో.

ఆరోజు నేను వాడింది ఆఫీసు మీటరు కాదు. నాది.

కోవూరు రైసు మిల్లులో నేను పద్దెనిమిదేళ్ళు చేశాను. మిల్లుకి సొంత డైనమో. దాని కరెంటుతో మిల్లు నడిచేది, చుట్టుపక్కల ముప్ఫై ఇళ్ళకి దీపాలు వెలిగేవి. అది డీసీ, ఏరు మాదిరి ఒకే వైపు పారే కరెంటు. డైనమో బిగించడానికి వచ్చిన మద్రాసు ఇంజనీరు పోతూ పోతూ తన వోల్టుమీటరు నాకు ఇచ్చి వెళ్ళాడు. టేకు చెక్క పెట్టె, ఇత్తడి మరలు, గాజు కింద వెంట్రుకంత సన్నటి ముల్లు. సున్నా నుంచి మూడొందల దాకా గీతలన్నీ సమానమైన ఎడంతో, కొలబద్ద మీద ఉన్నట్టే ఉంటాయి. ఎంత వాడినా ఒక్క వోల్టు అటూ ఇటూ పోలేదు. నా పిల్లల వయసు నాకు సరిగ్గా గుర్తుండదు కానీ ఆ మీటరు ఏ రోజు ఎంత చూపించిందో చెప్పగలను.

రెండేళ్ళ కింద గవర్నమెంటు లైన్లు వచ్చాయి. మిల్లు యజమాని డైనమో తీసేశాడు. నన్ను కరెంటు ఆఫీసులో వేసుకున్నారు. ఈ కొత్త కరెంటు ఏసీ. చేరిన మొదటి వారమే నరసయ్య గారు మమ్మల్నందర్నీ వరసగా కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. అమ్మీటరుని తీగ తెంచి మధ్యలో పెట్టాలి, కరెంటంతా దాంట్లోంచి పోవాలి. వోల్టుమీటరుని తీగకీ తీగకీ అడ్డంగా పెట్టాలి, దాంట్లోకి కాస్త కరెంటు పోతే చాలు. నా ముందర! నేను ఆ పని మొదలుపెట్టేనాటికి ఆయనకి పాలపళ్ళు కూడా ఊడి ఉండవు. తర్వాత పటకారు లాంటి మీటరొకటి చూపించాడు, తీగని తెంచకుండా నోట్లో కరిచి పట్టుకుంటే ఎన్ని ఆంపియర్లో చెబుతుందట. అది మాత్రం బాగుంది, ఒప్పుకుంటాను.

చివర్లో నా పెట్టె చూసి నవ్వాడు. "ఇది అయస్కాంతం మధ్య తీగచుట్ట తిరిగే రకం. డీసీకే. దీన్ని ఇంటి దగ్గర దాచుకో దరియావలీ, ఇక్కడ పనికిరాదు" అన్నాడు. పక్కవాళ్ళు కూడా నవ్వారు. ముత్యాలయ్య ఒక్కడే నవ్వలేదు.

ఆఫీసు మీటరు గాజు పగిలి రెండు నెలలైంది. సూపర్‌వైజరు గారి బీరువాలో పడుంది, రిపేరుకి పంపలేదు. బదులుగా టెస్టు ల్యాంపు ఇచ్చారు, రెండు బల్బులు వరసగా కట్టిన తీగ. బల్బు వెలిగితే కరెంటు ఉన్నట్టు, వెలగకపోతే లేనట్టు. అది చూడ్డానికి పద్దెనిమిదేళ్ళ అనుభవం దేనికి, నాలుగేళ్ళ పిల్ల కూడా చెబుతుంది. ఆరోజు అది నా సంచీలోనే ఉంది. పైకి తీయలేదు. నా పెట్టె తీశాను.

అయితే మాత్రం ఏం? ఎంత ఏసీ అయినా కరెంటు కరెంటే. ఉంటే ముల్లు ఎంతో కొంత లేవదా?

నవంబరు 21

ఆఫీసులో నరసయ్య గారు తలుపు దగ్గరికేసి మెల్లగా అడిగారు. మేస్త్రీ అన్నారు. మొదటిసారి.

"మేస్త్రీ, ఆరోజు టెస్టు దేంతో చేసినావు?"

నా చెయ్యి సంచీ మీదికి పోయింది. ఆయన నా సంచీ కేసి చూశారు, తర్వాత బీరువా కేసి చూశారు. ఆయన మొహం పాలిపోయింది.

"వచ్చే నెల ఆరో తేదీ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు వచ్చి ఎంక్వయిరీ చేస్తాడు. మీటరు సంగతి ఆయన అడగడు. నువ్వు చెప్పబాకు. నీ ఉద్యోగం, నా ఉద్యోగం. అర్థమైందా?"

"జకరయ్య?" అన్నాను.

"ఏదో ఆరు నెలలు శిక్ష పడుతుంది. వయసులో ఉండాడు, బయటికొచ్చి ఏదో పని చూసుకుంటాడు."

ఇంటికొచ్చి సంచీ అటక మీద పెట్టాను. మీటరుని పరీక్షించాల్సిన అవసరం నాకు కనబడలేదు.

నవంబరు 22

కనబడలేదు.

నవంబరు 24, శుక్రవారం

మసీదు నుంచి వచ్చి, అటక మీది నుంచి పెట్టె దించాను. మిట్టమధ్యాహ్నం. జమాల్‌బీ వాకిట్లో బియ్యం ఏరుతోంది.

మా ఇంట్లో ఉన్నది ఒకటే బల్బు. దాని హోల్డరు నుంచి రెండు తీగలు కిందికి లాగి మీటరుకి కలిపాను. స్విచ్చి వేశాను. బల్బు వెలిగింది. పగటి వెలుతురులో కూడా కళ్ళు చెదిరేట్టు వెలిగింది.

ముల్లు సున్నా.

మరలు విప్పి మళ్ళీ బిగించాను. తీగలు అటుదిటు ఇటుదటు మార్చాను. బల్బు వెలుగుతోంది, ముల్లు సున్నా. మీటరు చెడిపోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే ప్రాణం లేచొచ్చింది. యా అల్లా, చెడిపోయి ఉండాలి, వానకి తడిసి చెడిపోయి ఉండాలి, నాకు తెలీకుండా చెడిపోయి ఉండాలి అని మొక్కుకున్నాను. నాలుగు టార్చిలైటు బ్యాటరీలు వరసగా పేర్చి దానికి కలిపి చూశాను.

ఆరు వోల్టులు. ముల్లు లేచి, ఆరు ఎక్కడుండాలో సరిగ్గా అక్కడ ఆగింది. బ్యాటరీలు తిప్పి కలిపితే ముల్లు సున్నాకి కిందికి పోయి అక్కడ అడ్డుగా ఉన్న మేకుకి తగిలింది.

నరసయ్య గారు ఆనాడు చెప్పిందంతా అప్పుడు, ఆ చాప మీద కూర్చుని ఉండగా, ఒక్కొక్క మాటే గుర్తొచ్చింది. అయస్కాంతం మధ్య తీగచుట్ట. కరెంటు ఇటు నుంచి పోతే ఇటు తిరుగుతుంది, అటు నుంచి పోతే అటు తిరుగుతుంది. ఏసీ సెకనుకి యాభై సార్లు అటూ ఇటూ మారుతుంది. ముల్లు ఎటు పోబోయినా వెంటనే వెనక్కి లాగుతుంది, అందుకని ఎటూ పోలేక సున్నా మీదే నిలబడిపోతుంది. ఆఫీసు మీటరులో చుట్ట కదలదు, లోపల రెండు ఇనప ముక్కలుంటాయి, కరెంటు ఎటు పోయినా అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, అందుకని ముల్లు ఒకే వైపు లేస్తుంది. ఆయన బోర్డు మీద బొమ్మ కూడా వేశాడు. అప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

జమాల్‌బీ వచ్చి గుమ్మంలో నిలబడింది. "పట్టపగలు దీపం ఎందుకు వెలిగించినావు?" అంది.

నవంబరు 25

మీటరు బాగానే ఉంది.

నవంబరు 27, సోమవారం

సెలవు పెట్టి నెల్లూరు వెళ్ళాను. జకరయ్యని జైలు కంబీల అవతలి నుంచి చూశాను. పది రోజుల్లో మనిషి సగమయ్యాడు. నిజం చెప్పేద్దామనే వెళ్ళాను. దారి పొడుగునా బస్సులో మాటలు కూర్చుకున్నాను.

నేను నోరు తెరిచేలోపే అతనే మొదలుపెట్టాడు.

"అన్నా, పిచ్చమ్మ ఎట్టుండాది?"

"ఉండాది."

"నేను ఒక సంగతి ఆలోచించినానన్నా. ఆరూ పదికి స్విచ్చి వేసినట్టు నాకు బాగా గుర్తు. ఎస్తేరు కూడా అదే చెప్తాది. కానీ నువ్వు సున్నా చూసినావు. నీ చేతిలో తప్పు రాదు, అది నాకు తెలుసు, ఊరంతటికీ తెలుసు." కంబీ గట్టిగా పట్టుకున్నాడు. "రాత్రంతా మేలుకుని ఉండా గదా ఆ గాలివానలో. ఆరింటికి వేద్దామనుకుని కునుకు తీసినానేమో. ఎనిమిదిన్నరకి లేచి వేసినానేమో. పుస్తకంలో మాత్రం వెయ్యాలనుకున్న టైము రాసినానేమో. ఏమో అన్నా, ఇప్పుడు నాకే తెలవడం లేదు. ఎన్నిసార్లు తలుచుకున్నా నేనే చంపినానేమో అనిపిస్తా ఉండాది."

"అట్ట అనుకోబాకు" అన్నాను.

"నువ్వు సున్నా చూసినావు గదన్నా."

టైము అయిందని పోలీసు గదమాయించాడు. కొనుక్కుపోయిన అరటిపళ్ళు ఇచ్చి వచ్చేశాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళానో, ఏ మొహం పెట్టుకుని వచ్చానో. తన కళ్ళతో చూసింది, తన చేత్తో చేసింది కూడా నమ్మకుండా నా సున్నాని నమ్ముతున్నాడు.

నవంబరు 29

రాస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

పన్నెండో తేదీన ముల్లు కదలకుండా ఉందని రాశాను. ఇప్పుడే పేజీ తిప్పి "కదలకుండా" అన్న మాట కొట్టేశాను.

ముల్లు వణికింది.

సున్నా మీదే ఉంది, కానీ నిలకడగా లేదు. చలికి పెదవి అదిరినట్టు, గాజు దగ్గరికి కళ్ళు పెట్టి చూస్తే తప్ప తెలీనంతగా. పద్దెనిమిదేళ్ళలో ఆ ముల్లు అట్లా వణకడం నేను చూడలేదు. కరెంటు లేని తీగకి పెడితే అది శవం మాదిరి పడుంటుంది. గాలి అనుకున్నాను. నా చేతి వణుకు అనుకున్నాను. అనుకోలేదు, అనుకోవాలని చూశాను. ఈ మీటరు ఇక్కడ పనికిరాదని అందరి ముందూ నవ్విన మనిషి మాట నిజం కాకూడదని చూశాను.

సంచీలో టెస్టు ల్యాంపు ఉంది. చెయ్యి చాపితే అందేది.

చేతి వెనక భాగం తీగకి పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో రాయలేను.

డిసెంబరు 1, శుక్రవారం

పెట్టె సంచీలో వేసుకుని మైపాడు సముద్రం దగ్గరికి వెళ్ళాను. మోకాళ్ళ లోతు దిగాను. దాన్ని విసిరేద్దామనుకున్నాను. దాంతోపాటు నేనూ ఇంకా లోపలికి పోతే అడిగేవాళ్ళెవరని కూడా అనుకున్నాను. పడవలు ఒడ్డుకి వస్తున్నాయి. వాళ్ళలో ఒకతను నన్ను గుర్తుపట్టి, "ఏం మేస్త్రీ, నీళ్ళలో కూడా కరెంటు ఉందో లేదో చూస్తుండావా?" అని నవ్వాడు.

వెనక్కి వచ్చేశాను. నేను పోతే జకరయ్యని విడిపించేవాళ్ళు ఉండరు. ఈ మీటరు పోయినా అంతే.

డిసెంబరు 4

జమాల్‌బీకి అంతా చెప్పాను. కోపంగా అరుస్తుందనుకున్నాను. కొంగు కొస మెలితిప్పుతూ అడిగింది.

"చెప్తే ఏమవుతాది?"

"ఉద్యోగం పోతాది. జైల్లో పెట్టినా పెడతారు."

"చెప్పకపోతే?"

"ఏమీ కాదు."

"ఏమీ కాకపోతే రోజూ అన్నం ముందర కూర్చుని ఎందుకు ఏడుస్తుండావు?"

నేను ఏడుస్తున్న సంగతి ఆమె చెప్పేదాకా నాకు తెలీదు. ఆమె లేచి పోయి, పిచ్చమ్మ ఇచ్చిన సత్తుగిన్నె చింతపండు పెట్టి తోమి, గూట్లో బోర్లించింది.

డిసెంబరు 6, బుధవారం

ఎంక్వయిరీ పదిన్నరకి మా ఆఫీసు గదిలో మొదలైంది. బల్ల అవతల ఇన్‌స్పెక్టరు గారు, తల నెరిసిన మనిషి, కళ్ళజోడు. పక్కన నరసయ్య గారు. జకరయ్యని ఇద్దరు పోలీసులు తెచ్చి గోడ పక్క నిలబెట్టారు. వరండాలో ఒక కొసన ఎస్తేరమ్మ, ఇంకో కొసన పిచ్చమ్మ, పాలెం మనుషులు.

నా వంతు వచ్చింది. నా వాంగ్మూలం నాకే చదివి వినిపించి, "ఇంకేమన్నా చెప్పాలా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. అడగడమే తప్ప వినేట్టు లేరు, అప్పటికే కాగితం తిప్పేస్తున్నారు.

"చెప్పేది కాదు సార్, చూపించాల" అన్నాను.

నరసయ్య గారు నా సంచీ చూసి లేవబోయారు. నేను ఆగలేదు. బల్ల మీద పెట్టె పెట్టి, పైనున్న బల్బు హోల్డరు నుంచి తీగలు దించి కలిపాను. చేతులు వణకలేదు. పద్దెనిమిదేళ్ళు చేసిన పని. స్విచ్చి వేశాను. బల్బు వెలిగింది.

"ఇది ఎంత చూపిస్తా ఉందో చెప్పండి సార్."

ఆయన ఒకసారి బల్బు కేసి, ఒకసారి మీటరు కేసి చూశారు. "సున్నా" అన్నారు. తర్వాత పెట్టె తిప్పి గాజు కింద గుర్తు చూశారు, డీసీకి వేసే అడ్డగీత. ఆయనకి ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. "ఆరోజు వాడింది ఇదా?"

"ఇదే సార్. లైను ఆరూ పది నుంచీ బతికే ఉంది. జకరయ్య రాసింది నిజం. అతను చీటీ అడిగినాడు, నేను పంపలేదు."

గోడ దగ్గర జకరయ్య గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. వరండాలో ఎస్తేరమ్మ "ప్రభువా" అంది. నరసయ్య గారు నేల చూస్తున్నారు.

ఇన్‌స్పెక్టరు గారు కళ్ళజోడు తీశారు. మాట మెత్తబడింది. "తెలీక వాడినావు. పాత పద్ధతిలో పనిచేసినవాళ్ళకి ఇట్టాంటివి జరుగుతాయి. ఏసీకి పనికిరాదని నీకు తెలీదు, అంతేగదా?"

అక్కడితో ఆపేయొచ్చు. ఆయనే దారి చూపించాడు. అవును సార్ అంటే చాలు. తెలీనివాడి తప్పు చిన్నది. నేను వరండా వైపు చూశాను. పిచ్చమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"దగ్గరికొచ్చి చూడండి సార్" అన్నాను. "గాజు దగ్గరికి."

ఆయన వంగారు. చాలాసేపు చూశారు.

"వణుకుతా ఉంది" అన్నారు.

"అవును సార్."

"ఆరోజు నీకు కనిపించిందా?"

"కనిపించింది."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "టెస్టు చేసినవాడే ముందు చేత్తో తాకి చూడడం నీ అలవాటని ఇక్కడ నలుగురు రాసి ఇచ్చినారు. ఆరోజు తాకినావా?"

"లేదు సార్."

"ఎందుకని?"

"ముల్లు వణికింది గదా సార్" అన్నాను. "భయమేసింది."

డిసెంబరు 7

జకరయ్యని వదిలేశారు. నన్ను సస్పెండు చేశారు, నరసయ్య గారిని కూడా. పోలీసులు రేపో ఎల్లుండో పిలుస్తామన్నారు. మీటరు వాళ్ళు ఉంచుకున్నారు. మధ్యాహ్నం అన్నం తిన్నాను.

డిసెంబరు 8, శుక్రవారం

పొద్దున పిచ్చమ్మ వచ్చింది. గడప బయటే నిలబడింది.

"సాయిబూ, నా గిన్నె ఇయ్యి" అంది. ఆమె నన్ను అన్నా అనకుండా పిలవడం ఇదే మొదలు.

జమాల్‌బీ గూట్లోంచి తెచ్చి ఇచ్చింది. పిచ్చమ్మ దాన్ని చంకలో పెట్టుకుంది కానీ కదల్లేదు.

"ఎంతసేపు వణికింది?"

ఆమె నిలబడే ఉంది.

"ఆయన బీడీ అయిపోయేంత సేపు" అన్నాను.

"బీడీ అంటే బాగానే సేపు" అంది, నాతో అన్నట్టు లేదు. గిన్నె సర్దుకుని పాలెం దారి పట్టింది.